గురువారానికి రాసిన ఆపరేషన్

ఉదయగిరి పోయి వచ్చినవాళ్ళంతా కోట గురించి చెబుతారు. నేను కోట ఎక్కలేదు. నా మోకాళ్ళు ఎక్కనివ్వవు. ఎక్కినా కూలిపోయిన గోడలు చూసి నేను చేసేదేముంది? నేను పోయింది మా చెల్లెలి కూతురు రూతుకు గర్భసంచి తీసేస్తున్నారని ఫోన్ వస్తే. ఆడవాళ్ళ కడుపు సంగతి కాగితం మీద పెట్టకూడదనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. మిగతావాళ్ళు నాతో రండి.

రూతుకు ముప్పై రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. మొగుడు ప్రకాశం ఆటో తోలతాడు. తను కొయ్య చెంచాలు చేసే షెడ్డులో పనికి పోతుంది. మా చెల్లెలు పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇలాంటివాటికి రూతు నాకే ఫోన్ చేస్తుంది.

"పెద్దమ్మా, ఆత్మకూరులో ఆపరేషన్ అంట. గురువారానికి రాసినారు. నువ్వొచ్చి పదిరోజులు నాతో ఉండాల" అంది.

ఎందుకని నేను అడగలేదు. చీర, తువ్వాలు, జావకు రాగిపిండి సర్దుకుని బయలుదేరాను. ఎందుకు అడగలేదంటే, మా వాడలో అది అంత మామూలు. నాకూ ముప్పై ఒకటో ఏట తీశారు. అప్పుడు నాకు అక్షరాలు రావు. యాభై రెండో ఏట మా చర్చి వెనక గదిలో సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. చదువు వచ్చాక నాకొక జబ్బు పట్టుకుంది. ఏ కాగితం చూసినా ఇందులో ఏదో దాచారు అనిపిస్తుంది. ఏ మనిషి చిక్కగా నవ్వినా ఇతనికేం కావాలి అనిపిస్తుంది. ఈ ప్రయాణంలో ఆ జబ్బు కొన్నిసార్లు నన్ను తప్పుదారి పట్టించింది, ఒకసారి పనికొచ్చింది.

బస్సులో నిమ్మకాయలామె

జలదంకి నుంచి కలిగిరి దాకా బాగానే పోయాను. కలిగిరిలో బస్సు మారాలి. బోర్డు చదువుదామని నిలబడ్డాను. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునే మనిషిని. 'ఉ', 'ద', 'య' అనుకునేసరికి బస్సు కదిలిపోయింది. చదువు రానప్పుడు ఎవరినో ఒకరిని అడిగి ఎక్కేసేదాన్ని. చదువు వచ్చాక బస్సు పోయింది. టీ పది రూపాయలు పెట్టి తాగి, గంట కూర్చుని ఇంకో బస్సు ఎక్కాను. ఆ టీలో నీళ్ళే ఎక్కువ.

పక్కన నిమ్మకాయల బుట్టతో ఒకామె కూర్చుంది. వింజమూరులో దిగాలట. యాడికి, ఎందుకు అని అడిగింది. చెప్పాను.

"ఓస్, అదా! నాదీ తీసినారు. మా వదినది తీసినారు. మంచిదే అక్కా, నెలనెలా ఆ పీడ ఉండదు" అంది. జుట్టు కత్తిరించుకున్నట్టు చెప్పింది.

"నొప్పి పోయిందా?" అన్నాను.

"ఏ నొప్పి?"

"ఏ నొప్పికి తీయించుకున్నావో ఆ నొప్పి."

ఆమె బుట్టలో కాయలు అటూ ఇటూ జరిపింది. "నడుములో ఇప్పుడు వేరే నొప్పి ఉండాది. అది వేరే" అంది. దిగేటప్పుడు నా ఒళ్ళో రెండు నిమ్మకాయలు పెట్టింది. వద్దన్నా వినలేదు. ఊరికే ఎందుకిచ్చిందా అని వాసన చూశాను. మంచి కాయలే.

ఉదయగిరి, సోమవారం

ఆ ఊళ్ళో నీళ్ళు తాగాలంటే కొనాలి. బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయని అందరూ క్యాన్లు తెచ్చుకుంటారు. క్యాను పదిహేను రూపాయలు. మా వైపు కాలవ ఉంది, చెరువుంది. నీళ్ళకు రూపాయి ఇచ్చిన పాపాన పోలేదు. రూతు ఇంట్లో క్యాను మూలన ఉంటుంది, దాని మీద బోర్లించిన గ్లాసు. పిల్లలు నింపుకుని తాగారు. ప్రకాశం చెంబెత్తి తాగాడు. రూతు తాగడం నేను చూడలేదు. అప్పుడు నాకదేమీ తట్టలేదు.

రాత్రికి సంగటి, శెనక్కాయల పచ్చడి. ప్రార్థన చేసుకుని కూర్చున్నాము. మాది చేప లేనిదే ముద్ద దిగని ఊరు. అయినా వేడి సంగటి బాగుంది. తినేటప్పుడు రూతు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని ఒక పక్కకు ఒరిగింది.

"ఏందిమే, ఎప్పట్నించి?" అన్నాను.

"ఏడాది పైనే పెద్దమ్మా. ఒంటికి పోతే మంట. కింద కడుపు పట్టేస్తాది. ఒక్కోసారి చలిజ్వరం."

"మరి ఏడాది ఏం చేసినావు?"

"పని చేసినాను" అంది.

ప్రకాశం మధ్యలో అందుకున్నాడు. "డాక్టరు చెప్పినాడు అత్తా. సంచి చెడిపోయిందంట. ఉంచుకుంటే క్యాన్సరు అవుతాదంట. నేను ఆటో తోలేవాణ్ణి, నాకేం తెలుస్తాది? భయమేసి సరే అన్నాను."

అతని ముఖంలో మోసం లేదు, భయం ఉంది. భయపడినవాడి చేత ఎవరైనా ఏదైనా సరే అనిపించవచ్చు. నా అనుమానం అక్కడ మొదలైంది.

డాక్టరు అనిపించుకునే మనిషి

మర్నాడు పొద్దున్నే రూతును పట్టుకుని ఆ డాక్టరు దగ్గరకు పోయాను. అతను చదువుకున్న డాక్టరు కాడు, ఊళ్ళో సూదులు వేసే ఆర్ఎంపీ. బజారులో చిన్న గది. గోడకు అద్దంలో బిగించిన సర్టిఫికెట్లు మూడు. మూడూ ఇంగ్లీషులోనే. తెలుగులో ఒక్కటి ఉంటే చదివేదాన్ని. గదిలో రెండు బల్లలు, రెండింటి నిండా జనం. అతను చెడ్డగా మాట్లాడలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి ఊళ్ళో ఆయనొక్కడేనని రూతే చెప్పింది.

"స్కానింగులో గడ్డ ఉండాదమ్మా" అన్నాడు, ఒక కవరు ఊపుతూ.

"ఎంత గడ్డ నాయనా?"

"గడ్డంటే గడ్డే గదా."

"నిమ్మకాయంతా, గుమ్మడికాయంతా?"

జనం నవ్వారు. అతను నవ్వలేదు. "పెద్దమ్మా, ఈమెకు ఇద్దరు బిడ్డలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. ఇంక ఆ సంచితో ఏం పని? ఉంచుకుంటే ముప్పే గానీ లాభం లేదు."

"నీకు పిల్లలెంతమంది?"

"ముగ్గురు."

"ఇంక చాలనుకున్నావా?"

"చాలు."

"మరి నీది ఏం తీయించుకున్నావు?"

ఈసారి నవ్వు బజారు దాకా వినిపించింది. అతని ముఖం ఎర్రబడింది. "రేపు క్యాన్సరైతే నన్ను అడగొద్దు" అని సూదిలోకి మందెక్కించడం మొదలుపెట్టాడు. రూతు నా చెయ్యి పట్టి లాక్కొచ్చింది. "ఏంది పెద్దమ్మా, ఊళ్ళో నా పరువు తీస్తా ఉండావు" అంది. నేను ఆ కవరు మాత్రం తెచ్చుకున్నాను. అందులో అక్షరాలూ ఇంగ్లీషే.

చెంచాల షెడ్డు

ఆ రోజు రూతు పని మానలేదు. రెండు రోజులు పోతే ఎలాగూ మానాలి కదా అంది. నేనూ షెడ్డుకు పోయి కూర్చున్నాను.

ఉదయగిరి చెంచాలు చూడనివాళ్ళకు చెబుతాను. కొండ కర్రను ముక్కలు కోసి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో అరగదీసి, చివరకు గరుకు కాగితంతో రుద్ది వెన్నలా చేస్తారు. ఆకుపచ్చ జాడ లేని కర్రలోంచి చిన్న చిన్న పూల చెంచాలు వస్తాయి. చిన్నది ముప్పై రూపాయలకు ఇస్తారు. అదే నెల్లూరులో ఇంకెంతకు అమ్ముతారో నేను అడగలేదు, అడిగితే నాకు కోపం వస్తుంది. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, కాలి వేళ్ళతో కర్రను తొక్కిపట్టి, రెండు చేతులతో ఆకురాయి ఆడిస్తారు. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే సాయంత్రం ఆరు. ఎనిమిదిమంది ఉన్నారు. మాటలు మాత్రం ఆగవు.

వాళ్ళలో షమీమ్ అనే ఆమె రూతుకు జతగత్తె. నలభై ఏళ్ళుంటాయి, నోరు గట్టిది. నేను కూర్చోగానే స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎండ మాడుస్తోంది, చెక్కపొడి గొంతులో పడుతోంది. అయినా ఎనిమిదిమందిలో ఒక్కరూ నీళ్ళు ముట్టలేదు. నాకొక్కదానికే ఎందుకిచ్చారా అని నా పాత జబ్బు లేచింది. ఈ నీళ్ళు మంచివి కావేమో, వాళ్ళు తాగనివి నాకు పోశారేమో అనుకుని, రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టాను. అప్పుడు నేను పడాల్సిన అనుమానం వేరే. పడింది ఇది.

మాటల్లో అడిగాను. "మీలో సంచి తీయించుకున్నవాళ్ళు ఎంతమంది?"

ఐదు చేతులు లేచాయి, ఉలులతో సహా. అందరినీ పంపింది ఆ డాక్టరే, అందరికీ కోసింది ఆత్మకూరులో ఆ ఒక్క నర్సింగ్ హోంలోనే.

"ఎందుకు తీసినారు?"

"మంట, కింద కడుపు నొప్పి" అంది షమీమ్.

"తీసినాక పోయిందా?"

షమీమ్ ఆకురాయి ఆపింది. "నెల రావడం పోయింది అవ్వా. మంట యాడికి పోతాది? అది అట్నే ఉండాది."

మిగతా నలుగురూ తలలూపారు. ఒకామె, "నాకు ఇప్పుడు జ్వరం గూడా వస్తా ఉండాది" అంది.

"అమ్మల్లారా, సంచి తీసినా మంట ఉంటే మంట సంచిది కాదు గదా!" అన్నాను.

రూతు చేతిలో చెంచా కాడ విరిగింది.

ఆత్మకూరులో ఊరికే ఇచ్చిన టీ

బుధవారం పొద్దున ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే బస్సెక్కాము. ప్రకాశానికి, ఆపరేషన్‌కు ముందు ఏమేం తెచ్చుకోవాలో కనుక్కుని వస్తామని చెప్పాను. అబద్ధమే. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా కారం దోసె తిన్నాము, నలభై రూపాయలు. నెల్లూరు జిల్లాలో ఎక్కడ తిన్నా ఆ కారం ఒక్కలాగే ఏడిపిస్తుంది. రూతు దోసె తిన్నది, నీళ్ళు తాగలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని అట్లాగే మింగింది.

ఆ నర్సింగ్ హోం పేరు రాయను. రాసి నేను పడే బాధ నాకెందుకు? గచ్చు అద్దంలా ఉంది. బల్ల దగ్గర కూర్చున్న ఆమె రూతును చూడగానే, "రాండి రాండి, రేపు గదా మీది" అని లేచి వచ్చింది. ఇద్దరికీ టీ తెప్పించింది. డబ్బు ఇవ్వబోతే వద్దంది. బస్సులో నిమ్మకాయలు ఊరికే ఇచ్చినప్పుడు వాసన చూసినదాన్ని, ఇక్కడ టీ ఊరికే ఇస్తే ఊరుకుంటానా? చల్లారనిచ్చాను.

"అమ్మా, ఒకటి చెప్పు. ఈ పిల్లకు ఏ జబ్బని రాసుకున్నారు?"

ఆమె పుస్తకం తిప్పింది. "గర్భసంచి."

"గర్భసంచి జబ్బు కాదు గదా తల్లీ. అది ఒంట్లో భాగం. జబ్బు పేరేంది?"

"డాక్టరు గారు చూసుకుంటారు పెద్దమ్మా. రేపు ఏమీ తినకుండా తీసుకురండి."

"ఆ డాక్టరు ఈ పిల్లను పరీక్ష చేసినాడా?"

రూతు నా చెవిలో, "స్కానింగు తీసిన పాపే చూసింది పెద్దమ్మా. ఆయన్ని రేపే చూసేది" అంది. అంటే కోసేవాడు కోసే రోజే మొదటిసారి ముఖం చూస్తాడన్నమాట. నేను లేచాను. టీ అట్లాగే ఉంది.

ఇరవై నిమిషాలు

అక్కడినుంచి సర్కారు ఆస్పత్రికి పోయాము. రూతుకు ఇష్టం లేదు. "ఆడ లైన్లో నిలబడలేను" అంది. లైను నిజంగానే పెద్దది, సగానికి సగం కడుపుతో ఉన్నవాళ్ళు. వాళ్ళ చేతుల్లో కార్డులున్నాయి. ఎన్నో నెల, ఏ మాత్ర, ఏ సూది అన్నీ రాసి ఉన్నాయి. మా చేతిలో ఆ ఇంగ్లీషు కవరు తప్ప ఏమీ లేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. చెవులకు పోగులు కూడా సరిగ్గా లేవు. ఇంత చిన్నదానికి ఏం తెలుసు అనుకున్నాను. కవరు విప్పి చూసి పక్కన పెట్టింది. అయిపోయింది, ఇదీ అదే కోవ అనుకున్నాను. కానీ రూతును బల్ల మీద పడుకోబెట్టి, తెర లాగి, పొట్ట నొక్కి చూసింది, పరీక్ష చేసింది. ఒంటికి పోయించి పరీక్షకు పంపింది. తర్వాత కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది.

"ఏం పని చేస్తావమ్మా?"

రూతు నా ముఖం చూసింది. ఆ ప్రశ్న దేనికో దానికి అర్థం కాలేదు. "కొయ్య చెంచాలు చేస్తాను మేడం."

"ఎన్ని గంటలు కూర్చుంటావు?"

"ఎనిమిదికి కూర్చుంటే ఆరింటికి లేస్తాము."

"పొద్దుటినుంచి ఇప్పుడు నేను పంపేదాకా ఎన్నిసార్లు ఒంటికి పోయినావు?"

"తెల్లారకముందు ఒకసారి."

అప్పటికి మధ్యాహ్నం దాటింది.

"నీళ్ళెన్ని తాగినావు?"

"బస్సు ప్రయాణం గదా మేడం, తాగలా."

"బస్సెక్కని రోజు?"

రూతు తల వంచుకుంది. "ఆ రోజూ తాగను."

"ఎందుకు?"

"తాగితే పోవాల గదా మేడం."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ముందురోజు షెడ్డులో ఎనిమిదిమంది ఎండిన పెదాలు నా ఎదురుగానే ఉన్నాయి. నేను గ్లాసును అనుమానించాను. మా వైపు నాట్లకు పోయే ఆడవాళ్ళు కాలవ గట్టు చాటుకు పోయి వస్తారు, ఎవరూ లెక్కచేయరు. ఉదయగిరి బజారు మధ్య షెడ్డులో కూర్చున్నవాళ్ళకు గట్టెక్కడుంది, చాటెక్కడుంది? పదిగంటలు బిగబట్టుకునే పని వాళ్ళది. దానికి చెంచాల పని అని పేరు.

"మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది. మళ్ళీ మళ్ళీ వస్తోంది" అంది డాక్టరమ్మ. "గర్భసంచి బాగానే ఉంది. ఇందులో రాసింది శెనగ్గింజంత గడ్డ. అలాంటివి చాలామందికి ఉంటాయి, ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలు. ఈ మాత్రలు పూర్తిగా వాడి, వారానికి మళ్ళీ రా. తీసెయ్యాల్సిన అవసరం వస్తే నేనే చెబుతాను."

నా జబ్బు మళ్ళీ లేచింది. ఏడాది నొప్పికి గోళీలా? కోస్తామనేవాళ్ళకు ఏం లాభమో నాకు తెలుసు. గోళీ ఇచ్చే దీనికేం లాభం? అడిగేశాను.

"అమ్మా, బయట జనం ఎక్కువుండారని మమ్మల్ని వదిలించుకుంటా ఉండావా?"

ఆ పిల్లకు కోపం రాలేదు. "వదిలించుకోవాలంటే తీసేద్దామని చెబితే రెండు నిమిషాలు పెద్దమ్మా. మీతో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. బయట వాళ్ళంతా నన్ను తిట్టుకుంటున్నారు" అంది. తర్వాత, "కడుపుతో ఉన్నప్పుడు ఈమెకూ కార్డుండేది. రాకపోతే ఫోన్ చేసి మరీ పిలిచేవాళ్ళం. కాన్పులయ్యాక ఆ కార్డు మూసేస్తాం. ఆ తర్వాత ఈమె ఏమైందో చూసే కార్డు ఏదీ లేదు" అంది.

నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను. ఆడది బిడ్డను మోసినంతకాలం సర్కారుకు కావాలి. మోయడం అయిపోయాక మిగిలిన నలభై ఏళ్ళు ఆ ఒంటిని ఎవరు చూడాలి? ఊళ్ళోకి శిబిరం వచ్చినా బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, మగాళ్ళకూ మాకూ ఒకటే వరస. మంట ఉందా, నెల సరిగా వస్తోందా, పని చేసే చోట మరుగుందా అని అడిగే వరస లేదు. అది మగవాళ్ళ వరసలో నిలబడి చెప్పుకునే సంగతి కాదు కాబట్టి మేమూ చెప్పుకోము. ఎవరూ అడగని చోట సూదులాయన అడుగుతాడు, తేదీ రాస్తాడు.

లేచి వస్తూ, నాదీ ఎప్పుడో తీసేశారని అంటే ఆమె నన్నూ ఆపింది. "మీకు చిన్న వయసులోనే తీశారా? ఎముకల పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?" నా నడక చూసి అడిగిందట. ఎందుకు తీశారో నాకే తెలియదన్నాను. కాగితాలు లేవన్నాను. ముప్పై మూడేళ్ళలో నన్ను అలా అడిగిన మొదటి మనిషి ఆమె.

మళ్ళీ ఉదయగిరి, గురువారం

బుధవారం సాయంత్రం గోళీలు చూసి ప్రకాశం అరిచాడు. "క్యాన్సరు వస్తే ఎవురు పూచీ అత్తా? నువ్వా, ఆ గోళీలా?" నేను జవాబు చెప్పలేదు. నా మాట మీద ఆపినా అది నా మాటే అవుతుంది, రూతుది కాదు.

గురువారం పొద్దున ఏడింటికి ఆ సూదులాయనే ఇంటికొచ్చాడు. "ఏంది, ఇంకా తయారు కాలేదా?"

రూతు క్యారియర్‌లో సంగటి పెట్టుకుంటోంది. "నేను పనికి పోతా ఉండాను సార్" అంది.

"ఆడ మంచం రాసి పెట్టినారమ్మా."

"నేను రాయమన్లా సార్. రాసినోళ్ళనే పడుకోమనండి."

సూదులాయన వెళ్ళాక, మాత్ర వేసుకుని చెంబెడు నీళ్ళు తాగి రూతు గడప దాటింది. తాగింది సరే, ఇప్పుడు యాడికి పోతుంది? ఆ ఆలోచనతోనే నేనూ వెనకాల నడిచాను.

షెడ్డు ముందు గదిలో ఓనరు మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ఇద్దరు మగవాళ్ళు చెంచాల పెట్టెలకు తాడు బిగిస్తున్నారు. నేను వాళ్ళ ముందే అడిగాను.

"మేస్త్రీ, ఈ ఆడవాళ్ళు ఒంటికి పోవాలంటే చోటేదీ?"

తాడు బిగించేవాళ్ళు చేతులాపారు. మేస్త్రీ దగ్గాడు. "వెనకాల బాత్‌రూమ్ ఉండాది గదమ్మా. కొనేదానికి పెద్దపెద్దోళ్ళు వస్తారని కట్టించినా."

"ఉండాదా? మరి వీళ్ళెందుకు పోరు?"

"తాళం ఇక్కడే ఉంటాది. అడిగితే ఇయ్యనా? ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు, అవసరం లేదేమో అనుకున్నా."

అతని తల వెనక మేకుకు తాళం చెవి వేలాడుతోంది. ఆ చెవి కావాలంటే ఆడది లోపలినుంచి లేచి, ముగ్గురు మగాళ్ళ మధ్యకొచ్చి, నాకు ఒంటికి వస్తోంది అని చెప్పాలి. ఎనిమిదిమందిలో ఎవరూ ఆ పని చెయ్యలేదు. ఐదుగురు దానికంటే కడుపు కోయించుకోవడమే సులువనుకున్నారు.

"ఏందిమే షమీమ్, ఇంత నోరుండి ఈ చెవి అడగలేకపోయినావా?" అని కేకేశాను.

"కోతలు కొయ్యను నోరుండాది గానీ, ఆ మాట యాడ అడుగుతాము అవ్వా, సిగ్గుగాదా!" అని లోపలినుంచే అరిచింది.

నేను చెవి తీసుకుని వెనక్కు పోయాను. తలుపు తీశాను. లోపల సాలెగూళ్ళు. రూతు, షమీమ్ చీపురుతో కొట్టేసి నాలుగు బకెట్లు పోశారు. అప్పుడు ముందుగా ఒక ముసలామె పోయింది. ఆమె వెనక ఇంకొకామె నిలబడింది. చూస్తుండగానే ఆకురాళ్ళన్నీ నేల మీద ఆగిపోయాయి. ఎనిమిదిమందీ వరసలో ఉన్నారు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ. లోపలున్నామె ఆలస్యం చేస్తే షమీమ్ తలుపు మీద కొట్టి, "ఒమే, ఇల్లు గట్టుకున్నావా ఏంది!" అంది. మేస్త్రీ పని ఆగిపోయిందని గొణిగాడు గానీ ఆ నవ్వు వినిపిస్తుంటే లోపలికి రాలేకపోయాడు.

సాయంత్రం బస్సుకు బయలుదేరేముందు నేనొక పని చేశాను. ఆ తాళాన్ని, చెవితో సహా, నా సంచిలో వేసుకున్నాను. ఇప్పుడది జలదంకిలో మా ఇంటి గూట్లో ఉంది. పదిరోజులుంటానని పోయినదాన్ని నాలుగు రోజులకే వచ్చేశాను, మంచం మీద పడుకోబెట్టి చూసుకోవాల్సిన మనిషి లేదు కాబట్టి.

వారానికి రూతు మళ్ళీ ఆత్మకూరు పోయి చూపించుకుంది. ఈసారి షమీమ్‌నూ వెంటబెట్టుకు పోయింది. మంట తగ్గిందట. పూర్తిగా పోయిందని నేను రాయను, నాకు తెలియదు. డాక్టరమ్మ ఇంకో పరీక్ష రాసిందట.

మేస్త్రీ కొత్త తాళం కొనడని నాకు నమ్మకం లేదు. అందుకే రోజూ పనైపోయే వేళకు ఫోన్ చేస్తాను.

"తలుపు తెరిచే ఉండాదా?"

"ఉండాది పెద్దమ్మా."

"ఈ రోజు ఎన్నిసార్లు పోయినావు?"

"మూడుసార్లు."

"నిజంగానే?"

"నిజంగానే పెద్దమ్మా, నీతో అబద్ధం చెప్తానా?"

"షమీమ్‌కు ఇయ్యి ఫోను" అంటాను.